ఎందుకు కొట్టినాడు?

తెలుగువారి నోట నానిన సామెతలలో రెంటిని పక్కపక్కన నుంచి చూడవలసి ఉన్నది. "సంసారం గుట్టు, రోగం రట్టు" అనునది ఒకటి. "మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు" అనునది రెండవది. మొదటిది నీతి, రెండవది హాస్యము. ఈ రెండవ సామెతలో కొట్టుట అను క్రియ ఎంత తేలికగా దొర్లిపోయినదో గమనింపదగినది. అక్కడ వింత దెబ్బ కాదు, నవ్వు. దెబ్బ నిత్యకృత్యము గనుక దానికి ఏడ్వనక్కరలేదు. ఇతరులు చూచినందుకు మాత్రమే ఏడ్వవలెను. ఆ ఏడుపు కూడ గడప దాటరాదని మొదటి సామెత శాసించును. రోగమును రట్టు చేయుమని చెప్పిన పెద్దలు, సంసారములోనే రోగమున్నచో ఏమి చేయవలెనో చెప్పలేదు.

సామెతలపై కోపగించి ప్రయోజనము లేదు. అవి పుట్టిన లోకము పోయినదా, ఇంకను ఉన్నదా అన్నదే ప్రశ్న. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీలను కొన్ని కారణములు చెప్పి ప్రశ్నించినారు. చెప్పకుండ బయటికి పోయినచో, వంట సరిగా చేయనిచో, ఎదురు మాటాడినచో, అత్తమామలను గౌరవింపనిచో భర్త కొట్టుట న్యాయమేనా అని. వీనిలో ఏదో ఒక కారణమున న్యాయమేనని చెప్పిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను నూటికి దాదాపు 84 మంది. భర్త చేతిలో హింసకు గురియైనట్లు చెప్పిన వివాహితలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 30, తెలంగాణలో దాదాపు 37. దేశమంతట చూచినచో హింసకు గురియైన స్త్రీలలో సహాయము కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. నూటికి 77 మంది సహాయమును కోరలేదు, ఎవరితోను చెప్పుకొననూ లేదు. మన విద్యావంతులు తరచుగా చెప్పుకొను స్త్రీ విద్యా ప్రగతి ఈ అంకెల ముందు కొంత తలవంచుకొని నిలువవలసినదే.

ఆ ఎనుబదినలుగురును కఠిన హృదయులని అనుకొనుట పొరపాటు. వారిలో అధికులు తమ కుమార్తె ఒంటిపై వాత చూచి కన్నీరు పెట్టుకొను తల్లులే. కాని కన్నీరు తుడుచుకొనుచు వారు అడుగు మొదటి ప్రశ్న ఒకటే: "ఎందుకు కొట్టినాడు?" తల్లి అడుగును. పొరుగింటామె అడుగును. కులపెద్ద అడుగును. స్టేషనులో ఫిర్యాదు వ్రాసుకొను పోలీసు అడుగును. అమాయకముగా కనబడు ఈ ప్రశ్నలో ఒక తీర్పు దాగియున్నది. కొట్టుటకు తగిన కారణమొకటి ఉండవచ్చునని అది ముందే ఒప్పుకొన్నది. ఆ క్షణమునుండి దెబ్బలు తిన్నవారే ముద్దాయి. ఆమె తన కూరలో ఉప్పును గూర్చి, తన మాటతీరును గూర్చి, తన పుట్టింటివారి పెట్టుపోతలను గూర్చి సంజాయిషీ చెప్పుకొనుచు పోవలెను. కొట్టినవాడు అరుగుమీద కూర్చుండి వినును.

పెద్దల పంచాయితీలు సాగు తీరు చూచినవారికి ఇది కొత్త కాదు. రచ్చబండలు పోయి, ఊరి నాయకుని వరండా వచ్చినది. తీర్పు మాత్రము మారలేదు. "నీవును కొంచెము తగ్గవలెను, ఆమెయును కొంచెము సర్దుకొనవలెను" అని పెద్దమనుషులు చెప్పుదురు. ఇరువురికి సమముగా పంచినట్లు కనబడును. ఇచట చిన్న వ్యాకరణ విశేషమొకటి ఉన్నది. సర్దు అను ధాతువునకు "కొను" చేరినప్పుడు ఆ పని తనకొరకే చేసికొన్నట్లు అర్థము. సర్దుకొమ్మనుటలో ఆమె మేలే ఉన్నదని భాష సాక్ష్యమిచ్చుచున్నదన్నమాట. ఆ రాజీకి కాగితము లేదు, గడువు లేదు, పూచీదారు లేడు. మరల దెబ్బ పడినప్పుడు ఆ పెద్దలలో ఒక్కరిని పిలిచి అడుగుటకు వీలు లేదు. పెద్దమనుషులందరు దురుద్దేశముతో కూర్చుందురని ఎవరును అనరు. అనేకులు పనులు మానుకొని, ఒక కాపురము నిలువవలెనను కోరికతోనే వత్తురు. వారు నిలువబెట్టదలచినది కాపురమును. ఆమె ప్రాణము ఆ లెక్కలో వేరుగా వ్రాయబడలేదు.

ఈ ప్రశ్నను భారతదేశపు చట్టము ఒకటి నిషేధించినదని చాలమందికి తెలియదు. 2005లో పార్లమెంటు చేసిన గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించు చట్టము 2006 అక్టోబరు 26న అమలులోనికి వచ్చినది. దాని క్రింద 2006లో చేయబడిన నియమావళిలో కౌన్సిలర్లు, అనగా ఇరుపక్షములతో మాటాడి నచ్చజెప్పువారు, ఏ విధముగా నడువవలెనో చెప్పు నియమమున్నది. హింసను సమర్థించుకొను ఏ వాదమును ప్రతివాది ఆ సమావేశములలో చేయరాదనియు, ఆ సంగతి మాటలు మొదలు కాకముందే అతనికి తెలియజేయవలెననియు ఆ నియమము చెప్పుచున్నది. హింసకు ఇక పాల్పడనని అతడు హామీ వ్రాసి ఈయవలెను. ఆమె కోరినప్పుడే రాజీ ప్రయత్నము సాగవలెను. ఒక మామూలు నియమావళిలో ఎక్కడనో అడుగున పడియున్న ఈ రెండు మూడు వాక్యములు మన రచ్చబండల తరతరముల పద్ధతిని తలక్రిందులు చేసినవి. రచ్చబండ "ఎందుకు" అని మొదలుపెట్టును. చట్టము "ఇక కొట్టవు గదా" అని మొదలుపెట్టును. ఆ వాక్యములు వ్రాసినవారికి మన ఇండ్లలో జరుగు సంభాషణ అక్షరమక్షరము తెలిసియుండవలెను.

ఇంతకుముందు చట్టము లేదా అని అడుగవచ్చును. ఉన్నది. భర్తయు, అతని బంధువులును పెట్టు క్రూరమైన బాధను నేరముగా పరిగణించు 498-ఏ సెక్షను 1983లో శిక్షాస్మృతిలో చేరినది. 2024 జులై 1 నుండి అదే విషయము భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షనులో ఉన్నది. కాని అది శిక్షించు చట్టము. భర్తను జైలుకు పంపవలెనని కోరు స్త్రీలు కొలదిమంది. దెబ్బలు ఆగవలెనని, పిల్లలతో ఒక కప్పు క్రింద నిద్రపోవలెనని కోరువారు అనేకులు. ఈ రెండవ కోరికకు 2005 వరకు మన న్యాయస్థానములలో సరియైన తలుపు లేదు. క్రొత్త చట్టము ఆ తలుపు తెరచినది. దేహమునకు తగులు దెబ్బ మాత్రమే కాదు, లైంగిక హింస, తిట్టి అవమానించుట, జీతము లాగికొనుట, తిండికి డబ్బీయకుండుట కూడ హింసయేనని అది నిర్వచించినది. మేజిస్ట్రేటు రక్షణ ఉత్తరువు ఈయవచ్చును, భరణమిప్పింపవచ్చును, పిల్లలను తాత్కాలికముగా తల్లి సంరక్షణలో ఉంచవచ్చును. ఇవి మొదట శిక్షలు కావు. రక్షణ ఉత్తరువును ధిక్కరించిననాడే నేరము. దానికి ఏడాది వరకు జైలు, లేక 20,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును.

అన్నిటికన్న పెద్ద సంగతి ఇల్లు. తెలుగు స్త్రీకి భాషలో రెండిండ్లున్నవి. పుట్టినిల్లు తండ్రిది, తరువాత అన్నదమ్ములది. మెట్టినిల్లు మామది, తరువాత మగనిది. ఈ రెంటికి నడుమ ఆమె రాత్రివేళ బస్సెక్కి తిరుగును. 2005 నాటి చట్టములోని 17వ సెక్షను, కలిసి కాపురము చేసిన ఇంటిలో ఆమెకు నివాసపు హక్కు ఉన్నదని, ఆ ఇంటిపై ఆమెకు యాజమాన్యము లేకున్నను చట్టప్రకారము తప్ప ఆమెను వెళ్ళగొట్టరాదని చెప్పినది. అయితే ఆ సంవత్సరము నిండకముందే, 2006 డిసెంబరులో, సుప్రీంకోర్టు ఒక తీర్పునందు ఆ ఇంటికి చాల ఇరుకైన అర్థము చెప్పినది. భర్తకు చెందినదో, అతడు అద్దెకు తీసికొన్నదో, అతడు సభ్యుడైన ఉమ్మడి కుటుంబపుదో అయిననే హక్కు వర్తించునని. మన దేశములో పెండ్లియైన కుమారుడు తల్లిదండ్రుల ఇంటిలో నుండుట ఎంత సాధారణమో చెప్పనక్కరలేదు. "ఇల్లు మా అమ్మ పేరున ఉన్నది" అను ఒక్క మాటతో కోడలి హక్కు గడప బయట నిలిచినది. 2020 అక్టోబరులో, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ అర్థము సరికాదని త్రోసివేసినది. అత్తమామల పేర నున్న ఇల్లయినను, ఆమె స్థిరముగా కాపురము చేసినదైనచో, అది కలిసి నివసించిన ఇల్లే కావచ్చునని తేల్చినది. ఈ నడుమ గడచినది పదునాలుగేండ్లు. ఒక బాలిక బడిలో చేరి పై చదువులకు పోవునంత కాలము.

చట్టము పుస్తకములో ఉన్నది. కాని పుస్తకము ఎవరి ఇంటికిని నడిచి పోదు. ఇల్లు విడిచి వచ్చిన స్త్రీ చేతిలో సాధారణముగా ఒక సంచి, ఒక బిడ్డ ఉందురు. రేషను కార్డు అత్తగారి బీరువాలో, ఆధారు కార్డు భర్త జేబులో ఉండును. ఏ కోర్టుకు పోవలెనో ఆమెకు తెలియదు. తాత్కాలికముగా తాను తలదాచుకొన్న ఊరి కోర్టులోనే దరఖాస్తు పెట్టుకొనవచ్చునని, దానికొరకు మరల ఆ ఊరు పోనక్కరలేదని చెప్పువారుండరు. రక్షణాధికారి అను ఉద్యోగి ఒకరున్నారని, వారు స్త్రీ శిశు సంక్షేమ శాఖకు చెందినవారని, జరిగినది వారు నివేదికగా వ్రాసి మేజిస్ట్రేటుకు పంపుదురని తెలియదు. దెబ్బల ఆనవాళ్ళు మానకముందే ప్రభుత్వాసుపత్రికి పోయి చూపించుకొని కాగితము తీసికొనవలెనని తెలియదు. న్యాయవాదికి డబ్బీయనక్కరలేదనుటయు తెలియదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీకి ఉచిత న్యాయసహాయము పొందు హక్కు ఉన్నది. ఆమె ఆదాయమెంత అని అడుగ పనిలేదు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉన్నది. 15100 అను నంబరుకు ఫోను చేసినను, స్త్రీల సహాయమునకు ఏర్పడిన 181కు చేసినను పలుకుదురు.

ఇవన్నియు ఉన్నవి. లేనిది, ఆమె ప్రక్కన నడుచు మనిషి. కావలసినది పెద్ద మేధావి కాదు. కాగితము చదువగలిగి, కార్యాలయము గడప తొక్కుటకు జంకనివారు, "ఎందుకు కొట్టినాడు" అని అడుగనివారు ఒక్కరు చాలును. న్యాయసేవల జాతీయ సంస్థ 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకము తెచ్చినది ఈ ఉద్దేశముతోనే. న్యాయశాస్త్రము చదువని సామాన్యులకు కొంత శిక్షణ ఇచ్చి, ప్రజలకును న్యాయస్థానమునకును నడుమ వారధిగా నిలుపుట దాని పని. ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, విద్యార్థులు దీనికి తగినవారు.

మనకు ఇట్టి తోడు బొత్తిగా కొత్తది కాదు. మాలతీ చందూర్ 1952 నుండి దాదాపు అర్ధశతాబ్దము ఆంధ్రప్రభ వారపత్రికలో "ప్రమదావనం" శీర్షిక నడిపినది. ముఖమెరుగని పాఠకురాండ్రు తమ కష్టములను ఆమెకు వ్రాసికొనెడివారు. తల్లితో చెప్పుకొనలేనిది ఒక తపాలా కవరులో పెట్టి పంపగలిగిరన్నచో, వినువారు కావలెనను దాహము ఎంతటిదో ఊహింపవచ్చును. దుర్గాబాయి దేశ్‌ముఖ్ మార్గము వేరు. ఆమె న్యాయవాది, రాజ్యాంగసభ సభ్యురాలు. మదరాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళాసభ, నిరాశ్రయురాలికి జాలి చూపి ఊరకుండక, చదువు చెప్పి పరీక్షకు కూర్చుండబెట్టినది. కుటుంబ వివాదములకు వేరు న్యాయస్థానములు కావలెనని 1950ల నుండియే ఆమె వాదించినది. కుటుంబ న్యాయస్థానముల చట్టము వచ్చుసరికి 1984 అయినది, ఆమె అప్పటికి మూడేండ్ల క్రితమే గతించినది. మరికొంత కాలమునకు, 2006లో, హైదరాబాదులో "భూమిక" స్త్రీవాద పత్రిక నడుపువారు బాధిత స్త్రీలకొరకు ఉచిత ఫోను సహాయ కేంద్రము తెరచిరి. ఉత్తరము ఫోనైనది, దాహము అదే.

దూబగుంట కథ ఉపాధ్యాయులు విశేషముగా జ్ఞాపకముంచుకొనదగినది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగుచుండగా, ఆ ఊరి స్త్రీలు రాత్రిబడిలో కూర్చుండి తమ బాధలను గూర్చి మాటాడుకొనిరి. కూలి డబ్బు సారాకు పోవుట, సారా తిరిగి దెబ్బలై ఇంటికి వచ్చుట, ఒక్కొక్కతె తన గుట్టే అనుకొన్న సంగతి అందరి ఇంటను ఉన్నదని ఆ గుడ్డి దీపము వెలుగున తెలిసినది. వారు కలసికట్టుగా పోయి ఊరి సారా అంగడి మూయించిరి. ఆ కథయే తరువాత వయోజన విద్యా వాచకములో "ఆడవాళ్ళు ఏకమైతే" అను పాఠమైనది. ఆ పాఠము చదివిన ఊళ్ళన్నియు లేచినవి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. తెలుగు వాచకములలో ఎన్నో పాఠములున్నవి. చదివిన మరునాడు ఊరిని కదలించిన పాఠము మరొకటి చూపుట కష్టము. మద్యము మరల వచ్చినది, అది వేరు కథ. గుట్టు అనుకొన్నది నలుగురిలో చెప్పుకొన్నప్పుడు అది రోగమని గుర్తుపట్టిరి, అదే ఇక్కడ ముఖ్యము.

ఈ చట్టమును కొందరు దుర్వినియోగము చేయుదురన్న మాట వినబడుచుండును. అబద్ధపు కేసులు ఏ చట్టము క్రిందనైనను ఉండవచ్చును. 498-ఏ కేసులలో విచక్షణ లేకుండ అరెస్టులు చేయరాదని సుప్రీంకోర్టు 2014లోనే కట్టడి చేసినది. ఇక రక్షణ ఉత్తరువు సంగతి. భార్యను కొట్టరాదను ఉత్తరువు వలన, కొట్టని భర్తకు పోవునదేమి? ఇంటినుండి కొంతకాలము తొలగుమను ఉత్తరువు నిజముగా కష్టమైనదే. దానిపై ముప్పది దినములలో అప్పీలు చేసికొను హక్కు అతనికి ఉన్నది. అర్ధరాత్రి గెంటబడిన స్త్రీకి ఏ అప్పీలున్నది?

దుర్వినియోగము కన్న వినియోగము లేకుండుటయే పెద్ద లోపము. దరఖాస్తు అందిన మూడు దినములలో మొదటి విచారణ తేదీ, అరువది దినములలో పరిష్కారము అని చట్టము చెప్పుచున్నది. వాయిదాలు ఏండ్ల తరబడి నడచుట కోర్టు వసారాలో నిలుచున్నవారందరు ఎరిగినదే. ఒక్కొక్క వాయిదాకు ఒక దినపు కూలి పోవును, బస్సు ఛార్జీ పోవును. మూడవ వాయిదానాటికి తమ్ముని భార్య ముఖము మారును. రక్షణాధికారులను నియమించు పని రాష్ట్రములు ఎంత అలసత్వముతో చేసినవనగా, చట్టము అమలైన దాదాపు పందొమ్మిదేండ్లకు, 2025 మేలో, సుప్రీంకోర్టు కలుగజేసికొని ఆరు వారముల గడువు పెట్టవలసి వచ్చినది. పేరుకు ఒకరిని నియమించి, వేరు పనుల బరువు వారి నెత్తిన పెట్టినచో, గడువు తీరినను పని తీరదు.

బడికి దీనితో ఏమి సంబంధమని ఉపాధ్యాయులు అనుకొనరాదు. ఇల్లు విడిచిన తల్లి పోలీసు స్టేషను కన్న ముందు తొక్కు గడప తరచుగా బడియే. బిడ్డ చదువు ఆగరాదను తొందర ఆమెను అచటికి తెచ్చును. అచట ఎదురగు మొదటి మాట: "టి.సి. ఏది?" ఆ టి.సి. పాత ఊరిలో, భర్త చుట్టములు తిరుగు బడిలో ఉన్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 5వ సెక్షను ప్రకారము ప్రాథమిక విద్యలో టి.సి. తెచ్చుట ఆలస్యమైనంత మాత్రమున బిడ్డకు ప్రవేశము నిరాకరింపరాదు, ఆలస్యము చేయరాదు. పాత బడి ప్రధానోపాధ్యాయుడు టి.సి.ని వెంటనే ఈయవలెను. ఏడాది నడుమ వచ్చినారన్న కారణమును, వయస్సు ధ్రువపత్రము లేదన్న కారణమును చెప్పి త్రిప్పి పంపుటకును వీలు లేదు. ఈ సెక్షను తెలిసిన ఒక్క ఉపాధ్యాయుడు, ఏ కోర్టుకును పోకుండ, ఆ తల్లికి మొదటి వారములోనే ఒక చిక్కు తీర్పగలడు.

మరియొక సంగతి. గృహహింస జరుగుచున్నదని, జరుగనున్నదని నమ్ముటకు కారణమున్న ఎవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చునని 2005 నాటి చట్టము 4వ సెక్షను చెప్పుచున్నది. సద్బుద్ధితో తెలిపినవారిపై ఏ కేసును ఉండదు. తరగతిలో కునికిపాట్లు పడు పిల్లవాడు రాత్రి ఎందుకు నిద్రపోలేదో, చురుకైన బాలిక ఉన్నట్టుండి ఎందుకు మాట మానినదో పంతులమ్మకు కొన్నిసార్లు పోలీసులకన్న ముందు తెలియును. అయితే తల్లితో చెప్పి, ఆమె సమ్మతి తెలిసికొని ఈ పని చేయుట మేలు. తొందరపడి వేసిన అడుగుకు ఆ రాత్రి మూల్యము చెల్లించునది ఆమెయే.

చేర్చుకొన్న తరువాత చిరునామా సంగతి ఒకటి మిగులును. "మా బాబు మీ బడిలో చేరినాడా?" అని ఏదో ఒకనాడు ఫోను వచ్చును. గొంతు మర్యాదగానే ఉండును. ఆఫీసులో ఉన్న గుమాస్తాకు సంగతి తెలియనిచో రిజిస్టరు తిరుగవేసి ఊరు, వీధి, ఇంటి నంబరు చదివి వినిపించును. తల్లి 21వ సెక్షను క్రింద తాత్కాలిక సంరక్షణ ఉత్తరువు పొందియున్నచో దాని నకలు బడి ఫైలులో ఉండవలెను. పొందకున్నచో న్యాయసేవాధికార సంస్థ ద్వారా పొందుమని ఆమెకు చెప్పవలెను. గుమాస్తాకు మాత్రము మొదటి దినమే చెప్పియుంచవలెను, ఆ చిరునామాను ఫోనులో ఎవరికిని చదువరాదని.